ఈ-బుక్కును వర్డ్‌లోకి తెచ్చుకోవడం ఎలా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి గురించి. పుస్తకం ఈ-బుక్కుగానో పీడీఎఫ్‌గానో ఉంది, దాన్ని దిద్దుకోవడానికి వీలుగా వర్డ్‌లోకి తెచ్చుకోవాలి. పేజ్‌మేకర్ అనే పాత పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ రోజుల నుంచి విజయవాడలో పుస్తకాలు కంపోజ్ చేస్తున్నదాన్ని కాబట్టి నాకిది రోజూ ఉండే పనే. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారి నవల కొన్నేళ్ల కిందట ఈ-బుక్కుగా వచ్చింది. టైప్ చేసిన అసలు ఫైల్ కంప్యూటర్‌తో పాటే పోయింది. నాన్నగారు ఇప్పుడు లేరు. మా దగ్గర మిగిలింది ఒక్క ఈపబ్ ఫైల్. తప్పులు దిద్ది మళ్లీ అచ్చు వేయిద్దామంటే ప్రెస్ వాళ్లు వర్డ్ ఫైల్ అడుగుతున్నారు. మొత్తం మళ్లీ టైప్ చేయించాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అక్కర్లేదమ్మా. అన్ని రకాల ఫైళ్లలోకీ మీ చేతిలో ఉన్నదే మంచిది. ఈపబ్ చూడ్డానికి ఒకే ఫైల్ గానీ నిజానికి అదొక జిప్ మూట. ఒక్కో అధ్యాయం ఒక్కో వెబ్ పేజీలాగా లోపల ఉంటుంది. బొమ్మలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. నాన్నగారు రాసిన మాటలు అక్షరాలుగానే భద్రంగా ఉన్నాయి.

ముందు ఆ ఫైల్‌కి ఒక నకలు తీసి పెన్ డ్రైవ్‌లో దాచండి. తర్వాత క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. 'యాడ్ బుక్స్' నొక్కి మీ ఫైల్ తెచ్చుకుని, దాని మీద క్లిక్ చేసి, 'కన్వర్ట్ బుక్స్'లోకి వెళ్లండి. పైన కుడివైపు మూలన 'అవుట్‌పుట్ ఫార్మాట్' అని ఉంటుంది. అక్కడ డాక్‌ఎక్స్ (వర్డ్ ఫైల్ రకం) ఎంచుకుని ఓకే నొక్కితే చాలు. అక్కడే 'హ్యూరిస్టిక్ ప్రాసెసింగ్' అని ఒకటి కనిపిస్తుంది. ఆన్ చేస్తే తెగిపోయిన వాక్యాలను కలుపుతుందంటారు, నిజమే గానీ మీరు దాని జోలికి పోకండి. నవలలో పాటో పద్యమో ఉంటే ఆ పాదాలనూ వచనంలా కలిపేసే ప్రమాదం ఉంది.

ఇక్కడికి పది నిమిషాల పని. అసలు పని ఫైల్‌ని వర్డ్‌లో తెరిచాక మొదలవుతుంది.

తెరవగానే 'వ్యూ' ట్యాబ్‌లో 'నావిగేషన్ పేన్' టిక్ చేసి చూడండి. ఎడమ పక్కన అధ్యాయాల పేర్లు వరసగా కనిపిస్తే ఈ-బుక్కు చేసినవాళ్లు పద్ధతిగా చేశారన్నమాట. ఖాళీగా ఉంటే, శీర్షికలను ఊరికే అక్షరాలు పెద్దవి చేసి వదిలేశారు. కంగారు పడకండి. ఒక అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి, 'హోమ్' ట్యాబ్‌లో కుడి చివర ఉండే 'సెలెక్ట్' నొక్కితే, అదే తరహాలో ఉన్న అక్షరాలన్నిటినీ ఒకేసారి ఎంచుకునే వీలుంటుంది. అలా అన్ని శీర్షికలనూ పట్టుకుని 'హెడింగ్ 1' ఇచ్చేయండి. విషయసూచిక తర్వాత దానంతటదే తయారవుతుంది.

రెండోది ఫాంటు. "ఫాంట్ మారుస్తున్నా తెలుగు మారడం లేదు" అని నాకు వచ్చే ఫోన్లకు లెక్కలేదు. వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద లెక్కేస్తుంది. కంట్రోల్, డి కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో ఇంగ్లీష్ అక్షరాలకు ఒక గడి, 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్'కు వేరే గడి ఉంటాయి. సైజు కూడా వేరుగానే ఇవ్వాలి. మీరు ఆ రెండో గడిలో మార్చాలి. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ దిద్దుకోవడానికి సరిపోతాయి. అచ్చుకు ఉచితంగా దొరికేవాటిలో మండలి, రామభద్ర, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు ఉన్నాయి. ఒక్కో పేజీ ప్రింట్ తీసి చూసుకుని ఎంచుకోండి.

మూడోది కంటికి కనిపించని అక్షరం. రాజ్‌కుమార్ అని రాయాలంటే 'జ్' తర్వాత కనబడని గుర్తు ఒకటి ఉండాలి. అది ఉంటేనే పొల్లు పొల్లుగా నిలబడుతుంది. ఫైల్ చేతులు మారే కొద్దీ ఆ గుర్తు ఎక్కడో రాలిపోతుంది, అప్పుడు రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అవుతుంది. అచ్చులో ఇది చాలా అసహ్యంగా ఉంటుంది. 'ఇన్‌సర్ట్'లో 'సింబల్', 'మోర్ సింబల్స్', అందులో 'స్పెషల్ క్యారెక్టర్స్' ట్యాబ్‌కు వెళితే 'నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్' అని ఉంటుంది. అదే ఈ గుర్తు. ఒకచోట సరిచేసి, ఆ మాటను కాపీ చేసుకుని, 'రీప్లేస్'తో మిగతా చోట్ల మార్చేయండి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఇంగ్లీష్ మాటలు ముందు చూడండి. ఎక్కువ వాటిలోనే పోతుంది.

ప్రెస్‌కి ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "పేజీలు యూనికోడ్‌లో పెడతారా, అనూలో పెడతారా?" (యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి, అనూ అంటే పాత రకం డీటీపీ తెలుగు ఫాంట్లు.) యూనికోడ్‌లో ఇన్‌డిజైన్ అనే పేజీల సాఫ్ట్‌వేర్ మీద చేసేవాళ్లయితే మీరు దిద్దింది దిద్దినట్టే వెళుతుంది. అనూలోకి మార్చుకునేవాళ్లయితే ఆ మార్పిడిలో కొత్త తప్పులు పుడతాయి కాబట్టి, పేజీలయ్యాక ఇంకో ప్రూఫ్ కచ్చితంగా అడగండి. ఆ ప్రూఫ్ చూడకుండా అచ్చుకు ఓకే చెప్పొద్దు. అలాగే, రచన మీద హక్కు వారసులుగా మీకే వస్తుంది గానీ ఈ-బుక్కు వేసినవాళ్లతో నాన్నగారు రాసుకున్న ఒప్పందం ఏమైనా ఉంటే ఒకసారి తీసి చదవండి.

ప్రశ్న: మా ఊరి రచయితల కథా సంకలనం 2004లో వేశాం. డీటీపీ చేసినాయన పీడీఎఫ్ ఇచ్చారు. తెరిస్తే తెలుగు ముత్యాల్లా కనిపిస్తుంది. కాపీ చేసి వర్డ్‌లో పెడితే మాత్రం ఇంగ్లీష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, ఏవేవో గీతలు వస్తున్నాయి. ఫైల్ పాడైందా?
- రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: పాడవలేదు మాస్టారూ. ఆ రోజుల్లో మేమంతా అలాగే చేసేవాళ్లం. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. అందుకని అనూ, శ్రీలిపి లాంటివి ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చాయి. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, కొమ్ము ఇంకోచోట. తెర మీదా కాగితం మీదా ఫాంటు వాటికి తెలుగు రూపం ఇస్తుంది. ఫాంటు తీసేస్తే కింద ఉన్న అసలు కోడ్ బయటపడుతుంది. మీకు కనిపిస్తున్నది అదే.

పీడీఎఫ్‌ని అక్రోబాట్ రీడర్‌లో తెరిచి, ఫైల్ మెనూలో 'ప్రాపర్టీస్', అందులో 'ఫాంట్స్' ట్యాబ్ చూడండి. అక్కడున్న పేర్లను బట్టి అది ఏ ఫాంటో తెలుస్తుంది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. అయితే అనూ 6కు ఒకటి, అనూ 7కు ఒకటి, శ్రీలిపికి వేరొకటి. ఒకదాని కన్వర్టర్ ఇంకోదానికి పనికిరాదు. ముందు ఒక్క పేజీ మార్చి చూడండి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటే పుస్తకమంతా చేయండి. మధ్యలో నిజంగా ఇంగ్లీష్‌లో ఉన్న మాటలను కూడా కన్వర్టర్ తెలుగనుకుని మార్చేస్తుంది, వాటిని చేత్తో దిద్దాలి.

అన్నిటికన్నా ముందు ఆ డీటీపీ చేసినాయన్ని పట్టుకోండి. పాత సీడీలో పేజ్‌మేకర్ ఫైల్ ఉంటే పీడీఎఫ్ కన్నా అది వెయ్యి రెట్లు మేలు. పీడీఎఫ్‌లో ఏ ముక్క కాగితం మీద ఎక్కడ ఉండాలన్నదే ఉంటుంది గానీ ఏ అక్షరం తర్వాత ఏది అన్న వరస సరిగ్గా ఉంటుందని నమ్మకం లేదు. ఆ మాటకొస్తే, యూనికోడ్‌లో చేసిన తెలుగు పీడీఎఫ్‌లు కూడా కాపీ చేసినప్పుడు ఒత్తులు తారుమారవుతుంటాయి. వర్డ్ 2013 నుంచి పీడీఎఫ్‌ని నేరుగా తెరుస్తోంది, ఇంగ్లీష్‌కు అది బాగానే పనిచేస్తుంది. తెలుగుకు దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఫాంట్స్ ట్యాబ్ ఖాళీగా ఉంటే అందులో ఉన్నది అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. అప్పుడు కింది జవాబు చదవండి.

ప్రశ్న: నా పరిశోధనకు 1930లలో అచ్చయిన వ్యాసాలు కావాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు నెట్‌లో దొరికాయి. ఎడిట్ చేసుకునేలా వర్డ్‌లోకి రావాలంటే ఎలా? కొంత ప్రయత్నించాను గానీ వచ్చినదాన్ని దిద్దడం కన్నా టైప్ చేయడమే సులువనిపిస్తోంది.
- పరిశోధక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: మొదలుపెట్టే ముందు తెలుగు వికీసోర్స్‌లో ఆ పుస్తకం ఉందేమో వెతకండి. ఎందరో వాలంటీర్లు పేజీ పేజీ పోల్చి దిద్దిన పుస్తకాలు అక్కడ ఉన్నాయి. దొరికితే ఈపబ్‌గానో ఆర్‌టీఎఫ్‌గానో దించుకోవచ్చు. ఆర్‌టీఎఫ్‌ని వర్డ్ నేరుగా తెరుస్తుంది, మార్పిడి బాధే లేదు.

అక్కడ లేకపోతే ఓసీఆరే దిక్కు, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటరే చదివి దిద్దుకునే అక్షరాలుగా మార్చడం. అందరికీ అందుబాటులో ఉన్నది గూగుల్ డ్రైవ్. కంప్యూటర్‌లో ఫైల్‌ని డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని మీద రైట్ క్లిక్ చేసి, 'ఓపెన్ విత్', 'గూగుల్ డాక్స్' అనండి. బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. తర్వాత వర్డ్ ఫైల్‌గా దించుకోండి. ఫైల్ 2 ఎంబీ లోపు ఉంటే మంచిదని గూగుల్ వాళ్ల మాట. అందుకే పుస్తకాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి ఇవ్వండి. ఒకే స్కాన్‌లో రెండు పేజీలు పక్కపక్కన ఉంటే ముందు విడదీయండి. లేకపోతే ఎడమ పేజీలోని వరస కుడి పేజీలోని వరసతో కలిసిపోయి ఎవరూ దిద్దలేని కలగూరగంప తయారవుతుంది. మీరే స్కాన్ చేసుకునే వీలుంటే 300 డీపీఐలో, పేజీ వంకర లేకుండా చేయండి. నెట్ లేకుండా చేసుకోవాలంటే టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, తెలుగు కూడా చదువుతుంది.

ఇక తప్పులు. ఓసీఆర్ తప్పులు టైపిస్టు తప్పుల్లా ఉండవు. వాటికి ఒక తీరు ఉంటుంది, అది పట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. 'మ' ఉన్నచోట 'వు' వస్తుంది. 'ధ', 'థ' ఒకదాని బదులు ఒకటి వస్తాయి. 'ప' ఉన్నచోట 'వ' పడుతుంది. సున్న సంగతి మరీ చిత్రం: అందం అన్న మాటలో నిండు సున్న బదులు తెలుగు అంకె సున్న పడితే కంటికి తేడా తెలియదు. 'ఫైండ్'లో అందం అని వెతికితే మాత్రం దొరకదు. అంకె సున్న కోసం విడిగా వెతికి, మాటల మధ్య ఉన్నవాటిని మార్చండి. తెలుగు అంకెల్లో తేదీలు, పద్య సంఖ్యలు ఉండొచ్చు కాబట్టి ఒకేసారి అన్నీ మార్చేయకండి.

మీవి పాత అచ్చు పుస్తకాలు కాబట్టి ఇంకో చిక్కు ఉంది. అప్పట్లో ధర్మము అనే మాటను వలపలగిలకతో (పొల్లు 'ర్' బదులు తర్వాతి అక్షరం పక్కన పెట్టే గుర్తు) 'ధమ౯ము' అన్నట్టు వేసేవారు. ఓసీఆర్ ఆ గిలకను తొమ్మిది అంకెగానో ఇంకేదో గుర్తుగానో చదువుతుంది. వాటిని వెతికి మార్చాలి. అరసున్నలు చాలాచోట్ల ఎగిరిపోతాయి. పరిశోధన కోసం కాబట్టి మూలంలో ఉన్నవి ఉన్నట్టే మీరు పెట్టాలి. పాత వర్ణక్రమాన్ని ఇప్పటి పద్ధతిలోకి మార్చే పని పెట్టుకోకండి. రేపు ఇంకెవరైనా మీ ఫైల్‌ని ఆధారంగా తీసుకుంటే అప్పటి భాష అప్పటిలాగే కనబడాలి.

వరసలు తెగి ఉండటం మరో బాధ. ప్రతి వరసా ఒక పేరాగా వస్తుంది. 'రీప్లేస్' పెట్టెలో 'మోర్', 'స్పెషల్' నొక్కితే 'పారాగ్రాఫ్ మార్క్' అని ఉంటుంది. నిజమైన పేరాల మధ్య ఒక ఖాళీ వరస మిగిలి ఉంటే మొదట రెండు పారాగ్రాఫ్ మార్కులు పక్కపక్కన ఉన్నచోట మూడు నక్షత్రాలు పెట్టించండి. తర్వాత మిగిలిన ఒంటి మార్కుల బదులు ఒక ఖాళీ పెట్టించండి. చివరికి నక్షత్రాల స్థానంలో మళ్లీ ఒక మార్కు పెట్టించండి. పేరాలు నిలబడతాయి, వరసలు కలుస్తాయి. పద్యాలున్న పేజీలను ముందే పక్కకు తీసి ఈ పని చేయండి. మూల పుస్తకంలో పుట మారిన చోటల్లా బ్రాకెట్‌లో పుట సంఖ్య రాసుకోవడం మరిచిపోవద్దు. వర్డ్‌లో పేజీలు మారిపోతాయి, థీసిస్‌లో ఉటంకించేటప్పుడు ఆ సంఖ్యలే మిమ్మల్ని ఆదుకుంటాయి.

దిద్దడానికి నేను నమ్మే పద్ధతి పాతదే. ప్రెస్సుల్లో కాపీ హోల్డర్ అని ఒకరు ఉండేవారు. ఆయన మూలప్రతిని పైకి చదువుతుంటే ప్రూఫ్ రీడర్ చూస్తూ దిద్దేవారు. ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టుకోండి. ఎవరూ దొరక్కపోతే ఎడ్జ్ బ్రౌజర్‌లో తెలుగు చదివే గొంతులున్నాయి. మీ పాఠాన్ని అది చదువుతుంటే మీరు స్కాన్ పేజీ చూస్తూ వెళ్లండి. కన్ను దాటేసిన తప్పును చెవి పట్టుకుంటుంది.

ఇక హక్కుల సంగతి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1946లో పోయిన చిలకమర్తి రచనల మీద ఆ గడువు ఎప్పుడో తీరింది. మీ రచయితలు పోయిన సంవత్సరం చూసుకోండి. రచయిత బతికుండగా అచ్చయినవాటికి పుస్తకం ఎప్పుడు అచ్చయిందన్నది కాదు లెక్క.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న ఈ-బుక్కును క్యాలిబర్‌లో వేస్తే లాక్ ఉందంటోంది. సమీక్ష రాయడానికి, కుదిరితే తెలుగులోకి అనువాదం చేయడానికి వర్డ్‌లో కావాలి. లాక్ తీసే దారి చెబుతారా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: చెప్పనండీ. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళం తీయడం నేరం. రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉండొచ్చు. సమీక్షకు మొత్తం పుస్తకం వర్డ్‌లో ఎందుకు? చదివే యాప్‌లో నచ్చిన వాక్యాలకు రంగు వేసుకుని, ఆ నాలుగు వాక్యాలూ టైప్ చేసుకోండి. సమీక్ష కోసం కొంత ఉటంకించడానికి చట్టమే అనుమతిస్తోంది. అనువాదానికైతే రచయిత అనుమతి లేనిదే మొదలుపెట్టొద్దు. అనుమతి అడిగే ఉత్తరంలోనే పనికి వర్డ్ ఫైల్ కూడా ఇవ్వమని అడగండి. ఒప్పుకున్నవాళ్లు సాధారణంగా కాదనరు.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ తప్ప కంప్యూటర్ లేదు. ఆన్‌లైన్‌లో ఫ్రీగా మార్చే సైట్లు వాడొచ్చా?
- డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: హక్కుల బాధ లేని ఈపబ్‌కైతే వాడు తల్లీ, చాలావరకు బాగానే మారుస్తాయి. ఇంకా అచ్చు కాని సొంత రచన, ఇంటి కాగితాలు, ఆధార్ నంబర్ ఉన్నవి మాత్రం వాటిలో ఎక్కించొద్దు. ఆ ఫైల్ అవతల ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటుందో నీ చేతిలో ఉండదు. ఒకటి రెండు పేజీలే అయితే ఫొటో తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలు కాపీ చేసి, గూగుల్ డాక్స్ యాప్‌లో పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: మా స్కూల్లో చూపు లేని ఒక బాబు చదువుతున్నాడు. కథల పుస్తకాలను వర్డ్‌లోకి మారిస్తే కంప్యూటర్ చదివి వినిపిస్తుందని విన్నాను. అలా మార్చడం తప్పు కాదుగా? ఏమేం చూసుకోవాలి?
- ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: తప్పు కానే కాదు టీచరు గారూ. లాభాపేక్ష లేకుండా వికలాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాలను మార్చడానికి 2012 సవరణతో మన చట్టమే వీలు కల్పించింది. ఇదే పని కోసం చేసుకున్న మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందానికి 2014లో అందరికన్నా ముందు ఆమోదం తెలిపింది మన దేశమే.

ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వేయండి. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. గొంతు కొంచెం యంత్రంలా ఉంటుంది గానీ పిల్లలు త్వరగా అలవాటు పడతారు. మీరు ఇచ్చే ఫైల్ యూనికోడ్‌లో ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. అనూ ఫైల్ ఇస్తే అది ఇంగ్లీష్ అక్షరాలను వరసగా చదువుకుంటూ పోతుంది, బాబుకు ఒక్క మాట అర్థం కాదు. కథల పేర్లకు 'హెడింగ్' స్టైల్ ఇవ్వండి. అప్పుడు మీటలతోనే ఒక కథ నుంచి ఇంకో కథకు దూకగలడు. ప్రతి పేజీ పైన వచ్చే పుస్తకం పేరు, పేజీ సంఖ్య తీసేయండి, లేకపోతే వాక్యం మధ్యలో అవి వినబడి కథ తెగిపోతుంది. బొమ్మ ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్ట్ టెక్స్ట్'లో ఆ బొమ్మలో ఏముందో రెండు వాక్యాలు రాయండి. "బొమ్మ 3" అని రాసి ఊరుకోవద్దు. "చెరువు గట్టు మీద ముసలి తాబేలు, ఎదురుగా రెండు కొంగలు" అని రాయండి.

మొదటి కథ తయారయ్యాక బాబుతో కూర్చుని వినండి. ఎక్కడ ఆగిపోతున్నాడో, ఏ మాట రెండోసారి వినాలనుకుంటున్నాడో రాసుకుని, మిగతా కథలు దాన్ని బట్టి దిద్దండి. ఫైల్ పేరు 'కథ 1', 'కథ 2' అని కాకుండా కథ పేరుతోనే సేవ్ చేయండి, తనకు కావలసింది తనే వెతుక్కుంటాడు.